ఆ మాత్ర గుండెకి కాదమ్మా



ఒక రాత్రి సంగతి చెప్పి మొదలుపెడతాను. రెండు దాటింది. క్యాజువాలిటీ ముందు ఆటో ఆగింది. ఒకావిణ్ణి దింపారు. యాభై ఏళ్ళుంటాయి. వెనకాలే వాళ్ళాయన. ఆయన చేతుల్లో స్టీలు బేసిను. ఇడ్లీ పిండి కలుపుకునే బేసినది. అందులో సగం దాకా నెత్తురు. కొంత పల్చగా, కొంత గడ్డలు కట్టి. ఒలకకుండా జాగ్రత్తగా పట్టుకొచ్చాడాయన. "చూపించకపోతే మీరు నమ్మరేమోనని తెచ్చాను సార్" అన్నాడు.

ఆవిణ్ణి చూడగానే గుర్తుపట్టాను. బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడుపుతుంది. ఏడాది కిందట మా ఓపీకి వచ్చింది. పదేళ్ళుగా షుగరు. లివర్ గట్టిపడిందని, సిర్రోసిస్ అని అప్పుడే తేలింది. ఆ మాట చెప్పగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జబ్బు వచ్చినందుక్కాదు. "మందు వాసనే పడదు సార్ నాకు. తాగి తెచ్చుకున్నాననుకోరూ నలుగురూ?" అని.

ఆ రోజు ఆవిడకి ఒక చిన్న మాత్ర రాశాను. రోజూ వేసుకోమన్నాను. ఈ నెత్తురు వాంతి అయిన రాత్రికి, ఆ మాత్ర మానేసి మూడు నెలలైంది. ఎందుకు మానేసిందో తర్వాత చెప్తాను. ఈ పూట నా మాటలన్నీ ఆ చిన్న మాత్ర చుట్టూనే తిరుగుతాయి.

ముందు లివర్ గురించి రెండు ముక్కలు. మాంసం కొట్లో కార్జం చూసే ఉంటారు. నున్నగా ఉంటుంది. వేలితో నొక్కితే లొంగుతుంది. మన లోపలి కార్జమూ అంతే. సిర్రోసిస్ వచ్చాక అలా ఉండదు. పైన కాకరకాయ మీద ఉన్నట్టు బొడిపెలు. లోపలంతా గట్టి నారలాంటి మచ్చలు. తాగుడు ఏళ్ళ తరబడి లివర్‌ని కోస్తూ ఉంటే ఇలా అవుతుంది. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి అనే వైరస్‌లతో అవుతుంది. షుగరు, ఒళ్ళు బరువు ఉన్నవాళ్ళకి లివర్‌లో కొవ్వు పేరుకుని కూడా అవుతుంది. మా టిఫిన్ బండి ఆవిడది ఈ మూడో రకం. కాబట్టి ఎవరికైనా సిర్రోసిస్ అని తెలిస్తే, దయచేసి ముందు సీసా వైపు చూడకండి.

సరే, మచ్చలు పడ్డాయి. అయితే నెత్తురు వాంతి ఎందుకు? లివర్ ఎక్కడో కుడి డొక్కలో ఉంది. నెత్తురు వచ్చింది గొంతు కింద గొట్టంలోంచి. ఈ రెంటికీ సంబంధం ఏమిటి?

ఇక్కడ ఒక కొత్త మాట చెప్పాలి. పోర్టల్ సిర. మన పొట్టలోంచి, పేగుల్లోంచి, ప్లీహంలోంచి వచ్చే నెత్తురు తిన్నగా గుండెకి పోదు. అంతా కలిసి ఒక పెద్ద సిరలో పడుతుంది. ఆ సిర లివర్‌లోకి పోతుంది. మనం తిన్న తిండి సారమంతా ఆ నెత్తుర్లోనే ఉంటుంది. దాన్ని లివర్ వడగట్టి, ఉంచుకోవలసింది ఉంచుకుని, విరుగుడు చెయ్యవలసింది చేసి, అప్పుడు గుండెకి వదుల్తుంది. ఆ పెద్ద సిరే పోర్టల్ సిర. లివర్‌కి అందే నెత్తుర్లో నాలుగింట మూడొంతులు దీనిగుండానే వస్తుంది.

నేను గోదావరి కాలువ గట్టున పుట్టినవాణ్ణి. నాకు ఇది కాలువ భాషలో చెప్తేనే బాగుంటుంది. పోర్టల్ సిర ఒక పంట కాలువ అనుకోండి. లివర్ దాని చివర ఉన్న తూము. తూము తెరిచి ఉన్నంతసేపూ నీరు సాఫీగా పోతుంది. ఇప్పుడు ఆ తూముకి గుర్రపుడెక్క అడ్డం పడింది. మచ్చలంటే అదే, గుర్రపుడెక్క. నీరు పోదు. పైనుంచి వచ్చేది వస్తూనే ఉంది. ఏమవుతుంది? కాలువలో మట్టం పెరుగుతుంది. గట్టు మీద ఒత్తిడి పెరుగుతుంది. ఈ ఒత్తిడినే డాక్టర్లు పోర్టల్ హైపర్‌టెన్షన్ అంటారు.

ఇందులో ఇంకో తిరకాసుంది. తూము మూసుకుపోతోందని తెలిస్తే, పైనున్నవాళ్ళు నీరు తగ్గించాలి కదా. మన ఒంట్లో తద్విరుద్ధం. సిర్రోసిస్ ముదిరేకొద్దీ పేగుల్లోని రక్తనాళాలు ఇంకా విప్పారుతాయి. నెత్తురు ఇంకా ఎక్కువగా వచ్చి పడుతుంది. కింద తూము మూత, పైన షట్టర్లు బార్లా. ఈ రెండో ముక్క గుర్తు పెట్టుకోండి. మన మాత్ర కథ ఇక్కడే ఉంది.

ఇక్కడొక జాగ్రత్త. ఈ ఒత్తిడి మన చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదు. మళ్ళీ చెప్తున్నాను, ఇది చేతి బీపీ కాదు. చేతి బీపీ 120 ఉండే మనిషికి పోర్టల్ సిరకీ దాని అవతలకీ మధ్య ఒత్తిడి తేడా 5 లోపే ఉంటుంది. అంత నెమ్మదైన కాలువ అది. అది 10కి చేరిందంటే ఇబ్బందులు మొదలవుతాయి. 12కి చేరితే నెత్తురు పోయే ప్రమాదం ఉంది. చేతి బీపీ వందకి దిగిపోయి ఉన్న మనిషికి కూడా లోపల ఈ పోర్టల్ ఒత్తిడి 20 ఉండొచ్చు. మామూలు బీపీ మిషనుకి ఇది అందదు.

సరిగ్గా కొలవాలంటే మెడ సిరలోంచి సన్నటి గొట్టం లివర్ దాకా పంపాలి. ఆ వసతి అన్నిచోట్లా ఉండదు. అందుకని వేరే ఆనవాళ్ళు చూస్తాం. ఫైబ్రోస్కాన్ అని ఒక పరీక్ష ఉంది. కుడి పక్కటెముకల మధ్య చిన్న పరికరం పెట్టి టక్కుమని తడతారు. నొప్పుండదు. లివర్ ఎంత గట్టిపడిందో చెప్తుంది. రెండోది ప్లేట్‌లెట్లు. కాలువ నిండితే నీరు ప్లీహంలోకి వెనక్కి తన్నుతుంది. ప్లీహం ఉబ్బుతుంది. దీన్నే మన పెద్దవాళ్ళు "కడుపులో బల్ల" అనేవారు. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లని తనలో పట్టేసుకుంటుంది. మనవాళ్ళకి ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగ్యూయే గుర్తొస్తుంది. జ్వరం లేకుండా, నెలల తరబడి ప్లేట్‌లెట్లు తక్కువగానే ఉంటున్నాయంటే ఒకసారి లివర్ కూడా చూపించుకోండి.

ఇక గట్టు ఎక్కడ తెగుతుంది? కాలువ గట్టుకి ఎలుక బొరియలుంటాయి. మామూలప్పుడు ఎవరికీ కనపడవు. మట్టం పెరిగితే నీరు వాటినే వెతుక్కుంటుంది. మన ఒంట్లోనూ అలాంటి సన్న దారులున్నాయి. ముఖ్యమైనది ముద్ద దిగే గొట్టం చివర, పొట్టలో కలిసేచోట. దారం లాంటి సిరలవి. వాటిలోకి నెత్తురు తోసుకొస్తే వేలంత లావుకి ఉబ్బుతాయి. పైన పొర పల్చన. ఏదో ఒక రాత్రి పగులుతుంది. దగ్గు లేదు, నొప్పి లేదు. ఒక్కసారి కడుపులో తిప్పినట్టవుతుంది. ఆ తర్వాత బేసిను.

ఒక్కోసారి గట్టు తెగదు. నీరు ఊరుతుంది. పక్క చేను చెమ్మగిల్లి బురదవుతుంది చూశారా, అలా పొట్టలోకి నీరు ఊరి చేరుతుంది. జలోదరం అంటాం. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు మాత్ర.

ప్రొప్రనలాల్ అనే మందుంది. గుండె నొప్పికోసం 1960లలో జేమ్స్ బ్లాక్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త తయారుచేశాడు. 1988లో ఆయనకి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆయన గుండె గురించే ఆలోచించాడు. లివర్ గురించి కాదు. 1980లో పారిస్ దగ్గర ఒక ఆసుపత్రిలో దిదియే లెబ్రెక్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్ళు ఈ మందుని సిర్రోసిస్ రోగులకి ఇచ్చి చూశారు. పోర్టల్ ఒత్తిడి తగ్గింది. మరుసటి ఏడాది ఇంకో పరిశోధన వచ్చింది. ఒకసారి నెత్తురు కక్కినవాళ్ళకి ఇది రోజూ ఇస్తే, మళ్ళీ కక్కుకోవడం బాగా తగ్గిందని తేలింది.

ఎలా తగ్గింది? ఈ మందు గుండె వేగాన్ని కొంచెం తగ్గిస్తుంది. పేగుల్లో విప్పారిన రక్తనాళాల్ని కొంచెం బిగిస్తుంది. అంటే పైన షట్టర్లు కాస్త దించుతుంది. మా ఊళ్ళో కాలువ మీద లస్కరు ఉండేవాడు. వాన పట్టిందంటే సైకిలేసుకుని పోయి షట్టరు నాలుగు మరలు దించేవాడు. ఎవరూ ఆయన్ని పట్టించుకునేవారు కాదు. గండి పడని ఏడాది లస్కరు పేరు ఎవరికి గుర్తుంటుంది? ఈ మాత్ర ఆ లస్కరు.

ఇప్పుడు చాలామందికి కార్వెడిలాల్ అనే దాని తమ్ముణ్ణి ఇస్తున్నాం. ఇది పై షట్టరు దించడమే గాక, కింద తూముని కూడా రవ్వంత వదులు చేస్తుంది. పైగా 2019లో స్పెయిన్ వైద్యులు ఒక పెద్ద పరిశోధన బయటపెట్టారు. ఒత్తిడి బాగా పెరిగినా ఇంకా ఏ ఉపద్రవమూ రానివాళ్ళకి ముందుగానే ఈ రకం మందులు ఇచ్చారు. వాళ్ళలో ముఖ్యంగా పొట్టలో నీరు చేరడం తగ్గింది. అంటే మేం ఇదివరకు గండి పడకుండా చూడమనేవాళ్ళం. ఇప్పుడు గట్టు ఊటెక్కక ముందే షట్టరు దించమంటున్నాం. నా వృత్తిలో నేను చూసిన మంచి మార్పుల్లో ఇదొకటి. ఖరీదైన మందు కూడా కాదిది.

మరి మా టిఫిన్ బండి ఆవిడ దీన్ని ఎందుకు మానేసింది?

కోలుకున్నాక అడిగాను. ఆవిడ దాచకుండా చెప్పింది. తెల్లారి నాలుగింటికి లేస్తుంది. లేవగానే మాత్ర మింగేది, ఖాళీ కడుపున. మింగి పొయ్యి ముందు నిలబడేది. ఆవిరి, సెగ. కళ్ళు తిరిగేవి. ఒకరోజు చట్నీ గిన్నె చేతిలోంచి జారిపోయింది. మందుల షాపులో కుర్రాణ్ణి అడిగింది. అతను స్ట్రిప్పు తిప్పి చూసి, "ఇది గుండెకి వాడే మాత్రండీ. బీపీకి వాడతారు. మీకు బీపీ ఉందా?" అన్నాడు. లేదంది. "మరి ఎందుకు రాశారో" అన్నాడు. అంతే. ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు. నేను చెప్పాల్సింది చెప్పలేదు. ఓపీలో ఆ రోజు అరవై మంది ఉన్నారు. "రోజూ వేసుకోమ్మా" అన్నానే గానీ, ఎందుకో చెప్పలేదు. తప్పు నాది కూడా.

అందుకే రేడియోలో ఇంతమందికి ఒకేసారి చెప్తున్నాను. సిర్రోసిస్ ఉన్నవాళ్ళకి మీ డాక్టరు ప్రొప్రనలాల్ గానీ కార్వెడిలాల్ గానీ రాస్తే, అది గుండెకి కాదు. అది పోర్టల్ సిరకి. గుండెజబ్బు లేదుగా అని మానకండి. బీపీ లేదుగా అని మానకండి. కళ్ళు తిరిగితే డాక్టరుకి చెప్పండి. మోతాదు తగ్గిస్తారు. కార్వెడిలాల్‌ని తిన్న తర్వాత వేసుకుంటే తల తిరగడం తగ్గుతుంది. ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఈ మందు పడదు. జబ్బు ముదిరి చేతి బీపీ 90కి దిగిపోయినప్పుడో, కిడ్నీలు దెబ్బతిన్నప్పుడో మేమే తగ్గిస్తాం, లేదా ఆపుతాం. మీ అంతట మీరు మాత్రం ఒక్కసారిగా ఆపెయ్యకండి.

సరే, ఆ రాత్రికి వద్దాం.

ఆవిడకి మొదట సెలైన్ పెట్టాం. పేగుల రక్తనాళాల్ని బిగించే ఇంజెక్షన్ మొదలుపెట్టాం. టెర్లిప్రెసిన్ అనీ, ఆక్ట్రియోటైడ్ అనీ ఉంటాయి. ఒక యాంటీబయాటిక్ ఇచ్చాం. "నెత్తురు పోతుంటే యాంటీబయాటిక్ ఎందుకు సార్?" అని అడుగుతారు. ఈ సమయంలో పేగుల్లోని క్రిములు ఒంట్లోకి చొరబడతాయి. దానివల్ల పోయే ప్రాణాలు తక్కువేం కాదు. అందుకే ఆలస్యం చెయ్యం.

వాళ్ళాయన ఈలోగా నలుగురు కుర్రాళ్ళని లేపుకొచ్చాడు. రక్తం ఇవ్వడానికి. "ఎన్ని సీసాలైనా ఎక్కించండి సార్" అన్నాడు. నేను కొంచెమే ఎక్కించాను. ఆయనకి కోపం వచ్చింది. ఎందుకు రాదు? అంత నెత్తురు పోయింది, మనుషులు సిద్ధంగా ఉన్నారు, డాక్టరు వద్దంటున్నాడు. కాలువ గుర్తు తెచ్చుకోండి. గండి పడ్డ కాలువలోకి ఇంకా నీళ్ళు వదిల్తే ఏమవుతుంది? 2013లో బార్సిలోనా వైద్యులు ఇదే లెక్క తేల్చారు. హిమోగ్లోబిన్ 7కి పడిపోయేదాకా ఆగి, 7, 9 మధ్య ఉండేలా చూసినవాళ్ళే ఎక్కువమంది బతికారు. ధారాళంగా రక్తం ఎక్కించినచోట మళ్ళీ నెత్తురు కారడం ఎక్కువైంది. పాపం ఆ కుర్రాళ్ళని పొద్దున బ్లడ్ బ్యాంకుకి పంపాను. వాళ్ళ రక్తం వేరే ఎవరికో పనికొచ్చింది.

మనిషి కుదుటపడ్డాక ఎండోస్కోపీ. పన్నెండు గంటల్లోపు చెయ్యాలి. మేం ఐదింటికి చేశాం. ఎండోస్కోపు గొట్టం చివర చిన్న కెమెరా ఉంటుంది. టీవీ తెర మీద లోపలంతా కనపడుతుంది. అన్నవాహిక చివర నీలం రంగు తాళ్ళు, నాలుగు, మెలికలు తిరిగి ఉన్నాయి. ఒకదాని మీద తెల్లటి మొటిమంత చుక్క. పగిలింది అక్కడే. గొట్టం చివర చిన్న మూత ఉంటుంది, దాని మీద రబ్బరు రింగులు తొడిగి ఉంటాయి. ఆ సిరని మూతలోకి పీల్చుకుని, బయట చక్రం తిప్పితే రింగు జారి సిర మొదట్లో బిగుసుకుంటుంది. ఆవిడకి ఐదు రింగులు వేశాం. కారడం ఆగింది. గదిలో అందరం ఒకేసారి ఊపిరి వదిలాం.

ఈ రింగుల పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? మొలల వైద్యం నుంచి. మొలలకి రబ్బరు రింగులు వెయ్యడం పాత పద్ధతి. 1980లలో అమెరికాలో, డెన్వర్‌లో స్టీగ్‌మన్ అనే సర్జన్ దాన్నే ఎండోస్కోపు చివరకి ఎక్కించాడు. కిందనుంచి పైకి తెచ్చాడన్నమాట.

పొట్టలోపలి సిరలు పగిలితే రింగు పట్టదు. అక్కడ జిగురు ఎక్కిస్తాం. విరిగిన బొమ్మల్ని అతికించే క్షణాల జిగురు ఉంది చూడండి, ఆ జాతిదే. నెత్తురు తగలగానే గట్టిపడి సిరని పూడ్చేస్తుంది.

రింగు వేస్తే పని అయిపోదండీ. ఇది ఇసుక బస్తా. గండికి బస్తాలు వేశాం. కాలువలో మట్టం తగ్గలేదు. అందుకే రెండు నుంచి నాలుగు వారాలకొకసారి మళ్ళీ రమ్మంటాం. సిరలన్నీ పూడేదాకా రింగులు వేస్తాం. అందుకే రింగులతోపాటు మాత్ర కూడా. బస్తాలు గండికి, మాత్ర మట్టానికి.

కొందరికి వీటన్నిటితోనూ నెత్తురు ఆగదు. అప్పుడు టిప్స్ అనే పద్ధతి ఉంది. మెడ సిరలోంచి లివర్‌లోకి దిగి, మచ్చల మధ్యనుంచి ఒక లోహపు గొట్టం వేసి, పోర్టల్ సిరని అవతలి సిరతో కలిపేస్తారు. తూము పక్కనుంచి కొత్త కాలువ తవ్వినట్టు. మనుషుల్లో లోహపు స్టెంటుతో దీన్ని మొదట 1988లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో చేశారు. ఒత్తిడి వెంటనే పడిపోతుంది. మరి అందరికీ ఇదే చెయ్యొచ్చు కదా?

దీనికి జవాబు కుక్కలు చెప్పాయి. 1877లో రష్యాలో నికొలాయ్ ఎక్ అనే వైద్యుడు కుక్కల్లో పోర్టల్ సిరని లివర్‌లోకి పోనివ్వకుండా పక్క సిరకి కుట్టాడు. తర్వాత 1890లలో, గంట కొడితే చొంగ కార్చే కుక్కల పావ్‌లోవ్ ఉన్నాడే, ఆయన బృందం అదే ఆపరేషన్ జాగ్రత్తగా చేసి చూసింది. కుక్కలు బతికాయి. కానీ మాంసం పెడితే వాటికి మతి తప్పేది. తూలేవి, కరిచేవి, సొమ్మసిల్లేవి. లివర్ వడగట్టాల్సిన విషాలు వడపోత లేకుండా మెదడుకి పోయాయి. మనుషుల్లోనూ అంతే. కొత్త కాలువ తవ్వితే గట్టు నిలుస్తుంది, నీరు మాత్రం మురికిగా పోతుంది. అందుకే టిప్స్ ఎవరికి, ఎప్పుడు అన్నది ఆచితూచి తేలుస్తారు.

ఆ మతి తప్పడం టిప్స్ లేకుండా కూడా వస్తుంది. పగలు నిద్ర, రాత్రి మెలకువ. సంతకం వంకరపోతుంది. ఇంట్లోవాళ్ళ పేర్లు తడబడతాయి. మనవాళ్ళు గాలి సోకిందనుకుంటారు, లేకపోతే మళ్ళీ తాగాడంటారు. చాలాసార్లు కారణం మలబద్ధకం. నిద్రమాత్ర కూడా కావచ్చు. లోపల ఎక్కడో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. లాక్టులోజ్ అని తియ్యటి సిరప్ ఇస్తాం, రోజుకి రెండు మూడుసార్లు విరేచనం అయ్యేలా. విరేచనాలవుతున్నాయని దాన్ని ఆపేస్తుంటారు. అమ్మా, అవ్వడానికే ఇచ్చింది.

ఇక పొట్టలో నీరు. దీనికి మొదటి మందు మీ వంటింట్లో ఉంది. అంటే, వంటింట్లో ఉన్నది తగ్గించడమే మందు. ఉప్పు. రోజు మొత్తానికి ఒక్క చెంచాడు, అంతే. అన్నీ కలిపి. కూరలో వేసేది ఒక్కటే కాదు, ఆవకాయ, అప్పడాలు, ఉప్పుచేప, బజార్లో మిక్చరు అన్నీ అందులోకే. "పచ్చడి ముక్క తినను సార్, ఊట మాత్రమే కలుపుకుంటాను" అన్నాయన ఉన్నాడు. ఉప్పంతా ఊటలోనే ఉంది నాయనా. ఉప్పుకి బదులంటూ బజార్లో తక్కువ సోడియం ఉప్పు దొరుకుతుంది. దాంట్లో పొటాషియం ఉంటుంది. నీరు తగ్గడానికి మేమిచ్చే స్పైరనలాక్టోన్ మాత్ర కూడా పొటాషియాన్ని పెంచుతుంది. రెండూ కలిస్తే గుండెకి ముప్పు. అందుకని అది వద్దు. ఆ మాత్రతో మగవాళ్ళకి రొమ్ము నొప్పి రావచ్చు. సిగ్గుపడి చెప్పరు, మాత్ర మానేస్తారు. చెప్పండి, మారుస్తాం.

ఉప్పు తగ్గించమంటే కొన్ని ఇళ్ళల్లో తిండే తగ్గించేస్తారు. పథ్యం పేరుతో నెలల తరబడి చారన్నం, గంజి. పప్పు వద్దు, గుడ్డు వద్దు, పెరుగు వద్దు. లివర్ రోగికి ఇది చాలా కీడు. కండ కరిగిపోతుంది. కండ కరిగితే మతి తప్పడం కూడా పెరుగుతుంది. పప్పు, గుడ్డు, పెరుగు తినాలి. రాత్రి పడుకోబోయే ముందు కూడా కాస్త ఏదైనా తినాలి. ఖాళీ కడుపుతో తెల్లారనివ్వకూడదు.

ఇంకో రెండు హెచ్చరికలు, గబగబా. ఒళ్ళు నొప్పులకి డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు మీ అంతట మీరు వేసుకోకండి. కిడ్నీలు దెబ్బతింటాయి, నెత్తురు పోతుంది. పసర్లు, పొడులు డాక్టరుకి చెప్పకుండా మింగకండి. నెత్తురు వాంతి అయినా, విరేచనం తారులాగా నల్లగా అయినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చెయ్యండి. ఐరన్ మాత్రలకి కూడా విరేచనం నల్లబడుతుంది, నిజమే. ఏది ఏదో తేల్చేపని మాకొదిలెయ్యండి.

అసలు గుర్రపుడెక్కని తీసెయ్యలేమా అంటారు. కొంతవరకు తీయొచ్చు. తాగేవాళ్ళు పూర్తిగా మానేస్తే పోర్టల్ ఒత్తిడి దానంతటదే దిగుతుంది. నేను చూశాను, నీళ్ళ పొట్టతో వచ్చినాయన ఏడాదికి చేలో నాట్లు వేయించుకుంటున్నాడు. హెపటైటిస్ సి చాలామందికి మూడు నెలల మాత్రలతో నయమైపోతుంది. బి వైరస్‌ని మాత్రలతో అణిచి ఉంచొచ్చు. 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ఈ మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. బి రాకుండా టీకా ఉంది. ఆ టీకాని మన దేశంలో జన్యు పద్ధతిలో మొదట తయారుచేసింది హైదరాబాదులోనే. శాంతా బయోటెక్నిక్స్, 1997లో. మన ఇంటి సరుకది. పిల్లలకి వేయించడం మరిచిపోకండి.

అన్నీ చేసినా లివర్ చేతులెత్తేస్తే, మార్పిడి. కొత్త లివర్ వస్తే తూమే కొత్తదవుతుంది, కాలువ మామూలైపోతుంది. ఇంట్లోవాళ్ళు ఒక ముక్క ఇవ్వొచ్చు, ఇచ్చినవాళ్ళకి లివర్ మళ్ళీ పెరుగుతుంది. లేదా అవయవదానం చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకుని ఎదురుచూడాలి. దాని గురించి ఇంకో ప్రసంగమే కావాలి.

మా టిఫిన్ బండి ఆవిడకి ఆ అవసరం ఇంకా రాలేదు. నాలుగు విడతలు రింగులు వేశాం. సిరలు పూడాయి. షుగరు దారిలో పెట్టుకుంది. మొన్న చెకప్‌కి వచ్చినప్పుడు నా బల్ల మీద ఒక టిఫిన్ డబ్బా పెట్టింది. "తినండి సార్" అంది. మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ. నోట్లో పెట్టుకున్నాను. చప్పన. ఉప్పు రేణువంత లేదు. నా మొహం చూసి నవ్వింది. "ఏడాదిన్నరగా ఇదే తింటున్నాను సార్ నేను. రాసేవాళ్ళకి కూడా తెలియాలి కదా."

రెండు తిన్నాను. మూడోది ఆవిడే తీసుకుంది. డబ్బా మూతలోంచి స్ట్రిప్పు తీసి ఒక మాత్ర బయటికి నొక్కింది. "ఇది తిన్నాకే కదండీ" అంటూ ఇడ్లీ పూర్తిచేసి, నీళ్ళు తాగి మింగింది. మందుల షాపు కుర్రాడు ఏమంటున్నాడమ్మా అని అడిగాను. "నేనే చెప్పాను సార్ వాడికి, అది గుండెకి కాదురా అని" అంది.